ఓడినవాళ్లను అడిగిన సారు

పొద్దున్నే కొత్తపేట బస్టాపు దగ్గర పాలకూర కట్టల మీద నీళ్లు చల్లుతున్నాను. పక్కన చాయ్ అమ్మే ఆమె వచ్చి నా భుజం పట్టుకుంది. "అత్తా, నక్షల సారు పోయిండట. తెల్లారంగ, దవాఖానల." గంప మీద గోనె కప్పేసి లేచాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఇది వేరేవాళ్లు రాస్తున్నారు. ఒక్క మాట తగ్గించినా ఊరుకోనని ముందే చెప్పాను. ఆ పట్టింపు నాకు నేర్పింది ఆ సారే.

ఆయన ప్లానింగు ఆఫీసులో నక్షలు గీసి రిటైరైన మనిషి. కోస్తా నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో కిరాయికి ఉండేవారు. చెవి మీద పెన్సిలు, నడిస్తే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడక. ఆకుకూరకు బేరమాడేవారు కాదు గానీ, కట్ట విప్పి లోపల చూడకుండా కొనేవారూ కాదు.

తెలంగాణ కొట్లాట నడుస్తున్న రోజులవి. రోడ్డు వెడల్పు చేస్తామని, రోడ్డు పక్కన కూరగాయలు అమ్మే మా నలభై మంది ఆడవాళ్లను లేపాలనుకున్నారు. మీటింగు పెట్టారు. చాయ్, బిస్కెట్లు ఇచ్చి వేలిముద్రలు తీసుకున్నారు. మీటింగు సరిగ్గా జరిగిందో లేదో చూసి చెప్పమని రిటైరైన ఈ సారును ఆఫీసువాళ్లు పిలిపించి పంపారు. ఆయన మా మధ్య కూర్చుని ఆ కాగితం చదివారు.

"కొత్త బిల్డింగులో మూడో అంతస్తుకి వెళ్లడానికి మీరంతా ఒప్పుకున్నట్టు రాసుందండీ ఇందులో."

"చాయ్ తాగినందుకు ఏలు ఏసినం సారూ!" అని అరిచాను. "తోటకూర కట్ట కోసం మూడంతస్తుల మెట్లు ఎవడెక్కుతడు? అయినా ఆంధ్రోళ్లు మా జాగలు గుంజుకునుడే గానీ, మాకు జాగ జూపెడ్తరా?"

ఆయనకు కోపం రాలేదు. "నేను చూపించనమ్మా. మీరే చూపించండి," అన్నారు. మీటింగుకు వచ్చినట్టు వేసిన వేలిముద్రను ఒప్పుకున్నట్టు లెక్కపెట్టకూడదని ఆ కాగితం మీదే రాసి పంపారు. మళ్లీ అడగాల్సిందేనని పట్టుబట్టారు.

బంద్ రోజు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఆయన అడుగులు కొలిచి చెబుతుంటే, మేము ఆ తారురోడ్డు మీద ముగ్గుపిండితో నక్ష వేశాం. ఇదిగో బస్టాపు, ఇదిగో గోడ వెనక ఖాళీ మైదానం. మేము కావాలన్న రెండు జాగలు ఆ రెండే. నచ్చిన చోట ఒక్కో చింతగింజ పెట్టమన్నారు. దాదాపు గింజలన్నీ మైదానంలోనే పడ్డాయి. నాకు కావలసిందీ అదే. గోడ చాటునుంటే పోలీసు లారీ మా గంపలు ఎత్తుకుపోదు.

ఆయన మాత్రం తల గోక్కున్నారు. "గింజ వేసేముందు అందరూ ఈవిడ మొహం వంక ఎందుకు చూశారు?" అని వాళ్లను అడిగి, నా వైపు తిరిగారు. "అమ్మా, ఇవి నలభై మాటలు కావు. మీ మాటే నలభై సార్లు."

నాకు ఒళ్లు మండింది. ఒకప్పుడు ఆ లారీకి అడ్డం పండుకున్నది నేను. "నేను లేకపోతే వీళ్లకు నోరెక్కడిది?"

"నోరు మీరే ఇచ్చారు. కాసేపు అటు తిరిగి కూర్చోండి, చాలు."

ముగ్గు నక్షకు చాటుగా రెండు తోపుడు బండ్ల మధ్య పాత చీర కట్టించారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి గింజ పెట్టి వచ్చారు. ఈసారి బస్టాపు గెలిచింది. నేను ఓడిపోయాను. నిమ్మకాయలు అమ్మే పిల్ల నా దగ్గరకొచ్చి, "మాపటికి ఆ గోడ ఎనకకెళ్లి ఒక్కదాన్నే ఎట్ల రావాలె అత్తా? నీ ముంగట చెప్పనీకి భయమైంది," అంది. ఇన్నేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేను ఆ పిల్లను ఆ మాట అడగనే లేదు.

ఆఫీసువాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. తెలంగాణ కోసం సమ్మె నడిచినన్నాళ్లు ఆఫీసుకు తాళం, తాళం తీసేసరికి ఆఫీసరు బదిలీ. కొత్తాయనకు సారు మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చారు. చివరికి బస్టాపు పక్కన మాకు గీతలు గీసి జాగ ఇచ్చారు.

ఏడాది తర్వాత సారు నోటుబుక్కుతో వచ్చారు. నేరుగా నా దగ్గరికే.

"గెలిచినోళ్లు గంతమంది ఉండంగ నా దగ్గరికెందుకు సారూ?"

"మీటింగు బాగా జరిగిందా అని గెలిచినవాళ్లని అడిగితే ఏం తెలుస్తుందమ్మా? ఓడినవాళ్లని అడగాలి. మీరు ఏం చెప్పారు? చెప్పింది చెప్పినట్టు రాశారా? అది ఎందుకు చెల్లలేదో మీకెవరైనా చెప్పారా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. నా మాట విన్నారు, రాశారు, ఎందుకు చెల్లలేదో నాకు తెలుసు. కానీ ఎండకూ వానకూ నెత్తి మీద ఏమీ లేదు. ఆయన రాసుకుని, అక్షరాల కింద వేలు పెట్టి చదివి వినిపించారు. 'కష్టంగా ఉంది' అని రాశారు.

"కష్టం గాదు సారూ, అన్యాయం అని రాయుండ్రి."

ఆయన కొట్టేసి, అన్యాయం అని రాశారు. ఆ మాట మీద కొట్లాడి కొట్లాడి రేకులు వేయించుకున్నాం. పెద్ద పెద్ద ఆఫీసర్లను చూశాను నేను. నా మాటకు తన మాట కొట్టేసిన మనిషిని ఆయననొక్కరినే చూశాను.

ఆయనను సాగనంపి సాయంత్రానికి వచ్చి గంప ముందు కూర్చున్నాను. ఎల్బీనగర్ నుంచి వచ్చిన బస్సు ఆగింది. డ్యూటీలు దిగిన ఆడవాళ్లు టిఫిన్ సంచులతో బిలబిలా దిగుతున్నారు.

"అత్తా, జర జరుగు! నీ గంప అడ్డమై నా నిమ్మకాయలు కానొస్తలేవు," అని అప్పటి ఆ నిమ్మకాయల పిల్లే అందరి ముందూ నా మీద కసిరింది.

నేను గంప పట్టుకుని జానెడు పక్కకు జరిగాను. బస్సు దీపాల వెలుగు ఆమె నిమ్మకాయల మీద పడింది.