కంచె మీది చాప

తడిసిన కొబ్బరిపీచు వాసన తగిలితే ఇప్పటికీ నా తల వంగిపోతుంది. నిన్న సాయంత్రం మా చర్చి వరండాలో వానకు తడిసిన పీచు చాప ఆరవేస్తుంటే అదే వాసన. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఆ చాపను ప్రార్థనకు తెచ్చింది సుగుణమ్మ గారు. సండే స్కూల్లో నాకు బైబిలు కథలు చెప్పిన టీచరు. మనిషి పొట్టి, గొంతు మెల్లన. అయినా ఆవిడ మాట కాదనడానికి పాస్టరు గారే జంకేవారు.

దేశంలో ఉజ్జీవం రావాలంటే, అంటే చల్లారిన భక్తి మళ్ళీ రగలాలంటే, ముందు మన పేట మోకరించాలని ఆవిడ పట్టుదల. అందుకని ఏడాదికొక శుక్రవారం గొలుసు ప్రార్థన పెట్టించేవారు. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా దేశం కోసం ఇంటికొక గంట. గంట కాగానే చాప చుట్టుకుని, ఆవిడ రాసిన వరసలో తర్వాతి ఇంటికి వెళ్ళాలి. ఆ ఇంటివారితో కలిసి ఒక్క నిమిషం మోకరించి, చాప వాళ్ళ చేతికివ్వాలి. ఎవరిచేతా పంపకూడదు.

అప్పట్లో నేను యువజన సంఘం కార్యదర్శిని. ప్రార్థన మొదలుపెడితే కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒక్క రాష్ట్రం వదిలేవాణ్ణి కాదు. ఒకసారి ఆవిడ నవ్వుతూ, "దేశమంతా తిరిగొచ్చేవు గదా నాన్నా, మీ బాబాయి గారింటికి ఎప్పుడెళ్తావు?" అన్నారు. బాబాయిది మా పక్కిల్లే. సరిహద్దులో వంగిన కొబ్బరిచెట్టు కాయలు ఎవరివన్న తగాదాలో మా మధ్య మాటలు ఆగిపోయి రెండేళ్ళయింది. నేను విననట్టే బైబిలు మూసి లేచాను.

ఆ ఏడు నా గంట తర్వాత బాబాయి గంట వేశారు ఆవిడ. నా గంట కాగానే చాప చుట్టుకుని పెరటి కంచె దాకా వెళ్ళాను. అవతల ఎవరూ లేరు. పిలవడానికి నోరు రాలేదు. నేనెందుకు తగ్గాలి అనుకుని, చాప కంచె మీద పడేసి ఇంట్లోకొచ్చి అన్నం తిన్నాను. ఈలోగా వాన పట్టుకుంది.

పొద్దుగూకాక చర్చిలో, ఎవరి గంట ఎలా గడిచిందో సాక్ష్యం చెప్పడానికి అందరికన్నా ముందు లేచాను. "గొలుసు ఎక్కడా తెగలేదండి. నేను మా బాబాయి చేతికి చాప ఇచ్చేను" అన్నాను. అడిగినవాళ్ళెవరూ లేరు. వెనక వరసలో బాబాయి తల వంచుకుని కూర్చున్నారు. సుగుణమ్మ గారి చీర మోకాళ్ళ దగ్గర తడిసి, పీచు అంటుకుని ఉంది.

బయటికొచ్చాక ఆవిడ నా పక్కన నడుస్తూ చెప్పారు. "మీ బాబాయి తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, నువ్వొస్తావని వీధరుగు మీద కూర్చున్నారు నాన్నా. చాప రాలేదని తెలిసి నేనెళ్ళి చూస్తే కంచె మీద నానిపోతోంది. ఇద్దరం దానిమీదే మోకరించేం."

"మరి అందరి ముందూ చెప్పలేదేమండీ?"

"అది నేను చెప్పేది కాదు గదా. నువ్వు చెప్పాలి."

నేను చెప్పలేదు. ఆవిడ పోయినప్పుడు సమాధి దగ్గర ఆవిడ గురించి అరగంట మాట్లాడాను. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నేను సంఘ పెద్దని, గొలుసు ప్రార్థనకు పేర్లు రాసేది నేనే. సుగుణమ్మ గారి పద్ధతి ఇసుమంతైనా మార్చలేదని అందరూ మెచ్చుకుంటారు. ఏటా బాబాయి పేరు నా పేరు కింద పడకుండా వరస తిప్పుతున్నానని ఎవరికీ తెలియదు. ఆయనకు తెలుసేమో. ఎప్పుడూ అడగలేదు.

నిన్న ఆ తడి చాప వాసన తగిలాక, నా పేరు కిందే ఆయన పేరు రాశాను. కొట్టెయ్యడానికి రెండుసార్లు పెన్ను తీసి, సిగ్గేసి ఊరుకున్నాను. ఇప్పుడు నడుస్తున్నది నా గంటే. దేశం కోసం ఒక్క మాట రాక, ప్రార్థన చెయ్యాల్సిన చాప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకో పావుగంట ఉంది. కిటికీలోంచి బాబాయి వీధరుగు కనిపిస్తోంది. మోకాళ్ళు వంగవు కనుక కుర్చీ వేయించుకున్నారు. ఉతికిన పంచె కట్టుకుని, మా గుమ్మం వైపే చూస్తున్నారు.