దేవదానం బావ గొంతు జేబులో పెట్టుకుని అద్దంకి ప్రయాణం

మా అక్క సువార్తమ్మకి రాయడం రాదు. పాస్టరుగారి భార్య చేత రాయిస్తుంది. నవంబరు నెలాఖరులో వచ్చిన ఉత్తరం నాలుగే ముక్కలు. "తమ్ముడా రత్నం, మీ బావ గొంతు నా చెవుల్లో మారిపోయింది. ఆసుపత్రిలో మూలిగిన గొంతే వినపడతంది. ముందు ఎట్టా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే రావట్లా. పోయిన క్రిస్మస్‌కి నువ్వు పట్టిన క్యాసెట్టు ఉంటే నలభయ్యోనాటి కూడికకి తీసుకురా." గుంటూరు నుంచి అద్దంకి దాకా బస్సులో, అక్కడి నుంచి జట్కాలో మా పల్లెకి నేను చేసిన ఒక్కరోజు ప్రయాణానికి కారణం ఈ ఉత్తరమే. ఆ దారిన వెళ్లేవాళ్లకి పనికొస్తుందని బస్సులూ చార్జీలూ కూడా రాస్తున్నాను.

దేవదానం బావ మా చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. మిగతా రోజుల్లో కూలిపని. అక్టోబరులో ఆసామిగారి పత్తికి మందు కొట్టడానికి వెళ్లాడు. వీపున మోసే పంపు కారుతోందని పొద్దున్నే తెలుసు. తడిసిన చొక్కాతోనే సాయంత్రం దాకా కొట్టాడు. చీకటి పడేవేళకి చేలోనే పడిపోయాడు. ఒంగోలు ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. నోట్లోంచి నురగ, చెమట, మాట్లాడితే ఒక్కో మాట సాగి సాగి బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. అక్క ఆ మూడు రోజులూ మంచం పక్కనే ఉంది. మూడో రోజు పోయాడు. ముప్పై ఆరేళ్లు.

ఇక క్యాసెట్టు సంగతి. కిందటి క్రిస్మస్‌కి నా పెద్ద టేపురికార్డరు మోసుకెళ్లి, బావ సొంతంగా కట్టుకున్న ఒక పాటని చర్చిలో రికార్డు చేశాను. ఆ రికార్డరుకి రెండు స్పీకర్లు, గుడి మైకంత మోత. అది ఇప్పుడు లేదు. బావ పోవడానికి రెండు నెలల ముందే అమ్మేసి, మీద ఇంకొంత వేసి, మద్రాసు బర్మా బజారులో తొమ్మిది వందలు పోసి వాక్‌మన్ కొన్నాను. జపాను సరుకు, క్యాసెట్టు కంటే బొటనవేలంత పెద్దది, అంతే. చొక్కా జేబులో పడుతుంది. దాంట్లో స్పీకరు ఉండదు. నారింజరంగు స్పాంజి తొడిగిన హెడ్‌ఫోను పెట్టుకున్నవాడికి తప్ప పక్కవాడికి ఏమీ వినపడదు. కానీ ఆ వినపడేది ఎంత శుద్ధంగా ఉంటుందో చెప్పలేను. ఎడమ చెవిలో హార్మోనియం, కుడి చెవిలో డోలక్, నడి నెత్తి మీద బావ. పాట మొదలెట్టే ముందు ఆయన దగ్గి, టేపు వైపు చూసి నాతో "తిరుగుతుందంట్రా బామ్మర్దీ?" అనడం కూడా అందులో పడింది. స్కూల్లో సైన్సు చెప్పే మాస్టర్ని, ఇలాంటి సామాన్లంటే పడి చస్తాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

శుక్రవారం సాయంత్రం కొత్త పెన్సిల్ సెల్స్ కొన్నాను. షాపతను "రెండు జతలు ఇమ్మంటారా మాస్టారూ?" అని అడిగాడు. ఒక మనిషి ఒక పాట వినడానికి రెండు జతలెందుకు అనుకుని ఒకటే తీసుకున్నాను.

శనివారం ఆరుంబావుకి గుంటూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సు. టిక్కెట్టు అయిదు రూపాయలు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, ఎండ పడదు. బస్సు ఊరు దాటక ముందే బావ పాట ఒకసారి వేసి చూసుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది. అక్కడితో ఆపేస్తే పోయేది. వేణువు క్యాసెట్టు ఒకటి సంచిలో ఉంటే అది తీసి పెట్టాను. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్తున్నవాణ్ణి, కళ్లు మూసుకుని తల ఊపుతూ కూర్చున్నాను. కండక్టరు భుజం తట్టాడు.

"ఏంది మాస్టారూ, చెవిపోటా?"

"కాదండీ, పాటలు."

"మాకేం వినపడట్లేదే!"

ఆయన చెవులకి పెట్టాను. పేట వచ్చేదాకా తీయలేదు. డ్రైవరు హారను కొట్టి పిలిస్తే తీశాడు. నాకు అప్పుడు భలే గర్వంగా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పేటలో ఏడున్నరకి దిగి, బస్టాండు ఎదురుగా పాకలో నాలుగిడ్లీ, టీ తీసుకున్నాను. రూపాయి ముప్పావలా అయింది. కారం పొడి చూసి వేసుకోండి, కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎనిమిదింబావుకి మార్టూరు మీదుగా అద్దంకి వెళ్లే బస్సు. అదీ అయిదే. దారి పొడుగునా నల్లరేగడి, పత్తి, మధ్య మధ్య మిరప. మిరప ఇంకా పచ్చి మీదే ఉంది. పత్తి చేలల్లో ఆడవాళ్లు ఒడి కట్టుకుని తీత తీస్తున్నారు. బస్సులోకి మందు వాసన వస్తూనే ఉంది. నేను వేణువు వింటూనే ఉన్నాను.

తొమ్మిదిన్నరకి అద్దంకిలో దిగి జట్కా మాట్లాడుకున్నాను. నాలుగు మైళ్లకి మూడు రూపాయలు. జట్కా తోలే ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "దేవదానం బామ్మర్దివా?" అన్నాడు. అవునన్నాను.

"మంచి గొంతు. నా బండెక్కితే పాడుకుంటానే వచ్చేవాడు. ఈ ఏడు పురుగు చావలా బాబూ. కొట్టేవోళ్లే పోతన్నారు."

గుర్రాన్ని అదిలించాడు. గుర్రం మాత్రం రెండుసార్లు తుమ్మింది.

పల్లెకి చేరేసరికి పదిన్నర. పెంకుటి చర్చి ముందు తాటాకు పందిరి వేసి ఉంది. అక్క తెల్లచీరలో పొయ్యి దగ్గర ఉంది. నలభై రోజుల్లో సగం అయిపోయింది మనిషి. నన్ను చూడగానే "తెచ్చావా?" అంది. జేబులోంచి తీసి చూపించాను.

"ఇంత ఉంటదా! ఇందులో ఉండాడా మీ బావ?"

"ఉన్నాడక్కా. ముందు నువ్వు విను. ఇటు రా."

చెయ్యి కడుక్కోబోయి ఆగింది. "మనింటికి జనం వచ్చారు. వాళ్లు వినకుండా నేనెట్టా వింటానురా? ముందు వాళ్లని కానీ."

మా దగ్గర ఆదరణ కూడికలో ఇంటివాళ్లు అన్నీ చివర్నే. వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చాకే ఇంటివాళ్లు గొంతు తడుపుకుంటారు. అందరి విస్తళ్లూ లేచాకే ఇంటివాళ్ల విస్తరి వేస్తారు. పాటకి కూడా ఇదే వర్తిస్తుందని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేదు. నేనూ ఆ పల్లెలో పెరిగినవాణ్ణే, నాకూ అదే సబబనిపించింది. ఒక్కసారి కూడా బలవంతం చేయలేదు.

పదకొండుకి ప్రార్థన మొదలై పదకొండున్నరకి అయింది. పాస్టరుగారు లేచి, "దేవదానం పాట తమ్ముడు రత్నం తెచ్చాడు. వినాలనుకున్నవాళ్లు వరసగా రండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. పందిరి గుంజ దగ్గర ఆసామిగారు కుర్చీలో ఉన్నాడు. బావ మందు కొట్టింది ఆయన చేలోనే. అందరూ ఆయన వైపు చూశారు. పెద్దమనిషి మన కూడికకి వచ్చాడు, ఆయన కంటే ముందు ఎవరు వింటారు? హెడ్‌ఫోను తీసుకెళ్లి ఆయన తలకి నేనే తగిలించాను.

పాట మూడున్నర నిమిషాలు. అయిపోయాక ఆయన కళ్లు తెరవకుండానే, "ఇంకోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. మూడోసారి కూడా అడిగాడు. కాదనలేకపోయాను. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఆయన గడ్డం మీద నీళ్లు కారుతుంటే ఏమనగలను? తీసి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

తర్వాత వరస కట్టారు. ఒక్కొక్కళ్లే వచ్చి చాప మీద కూర్చోవడం, నేను హెడ్‌ఫోను తగిలించడం, బటన్ నొక్కడం. మిగతావాళ్లకి ఏమీ వినపడదు. వినేవాళ్ల మొహమే చూస్తూ నిలబడేవాళ్లు. కుడి చెవిలో తన డోలకే తాను విన్న ఇమ్మానియేలు తొడ మీద దరువేస్తూ ఏడ్చాడు. మరియమ్మ అనే ముసలామె, పాట మొదట్లో బావ అడిగిన దానికి, "తిరగతందిలే అయ్యా, నువ్వు పాడు" అని పైకే జవాబు చెప్పింది. అందరూ నవ్వారు. నలభై రోజుల్లో ఆ పందిరిలో నవ్వు వినపడటం అదే మొదలని తర్వాత పాస్టరుగారు చెప్పారు. ఒక్కొక్కళ్ల తర్వాతా నేను టేపు వెనక్కి తిప్పేవాణ్ణి, మిషనుతోనే. వెనక్కి తిప్పడం పాట వినిపించడం కంటే ఎక్కువ సెల్స్ తింటుందని సైన్సు మాస్టరుకి తెలుసు. క్యాసెట్టు చక్రంలో దూర్చి చేత్తో తిప్పుకోవడానికి సంచిలో పెన్సిలూ ఉంది. ఆ పూట గుర్తురాలేదు.

ముప్పై మంది పైనే విన్నారు. మధ్యలో భోజనాలు. మూడు దాటాక, అందరూ తిని లేచాక, అక్క గిన్నెలు బోర్లించి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగి, పైటకి తుడుచుకుని వచ్చి కూర్చుంది. తలకి హెడ్‌ఫోను పెడుతుంటే చిన్నపిల్లలా బుగ్గలు బిగించింది. బటన్ నొక్కాను.

నాకు ఏమీ వినపడలేదు. ఆమె మొహమే చూస్తున్నాను. మొదట కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత నుదురు ముడిపడింది. నోరు తెరుచుకుంది. రెండు చేతులూ చెవుల మీదకి వెళ్లాయి, గట్టిగా వినడానికి అనుకున్నాను. హెడ్‌ఫోను లాగి ఒళ్లో పడేసింది.

"ఇదే గదరా" అంది. "ఆసుపత్రిలోది. ఇదే గదా నాకు వినపడేది."

తీసి నా చెవులకి పెట్టుకున్నాను. మిషను మీద చిన్న ఎర్ర దీపం గుడ్డిదైపోయింది. టేపు నత్తలా తిరుగుతోంది. హార్మోనియం ఏడుస్తోంది. దాని నడుమ బావ ఒక్కో మాటా సాగదీసి, బావిలోంచి మూలుగుతున్నాడు. మూడు రోజులు నేనూ ఆ మంచం దగ్గర ఉన్నాను. అచ్చం అదే గొంతు.

చివర్లో విన్న నలుగురైదుగురికీ అలాగే వినపడి ఉంటుంది. ఎందుకు చెప్పలేదని ఇమ్మానియేలు భార్యని అడిగాను. "పోయినోళ్ల గొంతు అట్టానే ఉంటదేమో అనుకున్నామయ్యా. మీరేమనుకుంటారోనని అడగలా" అంది.

పల్లె కొట్లో టార్చిలైటు సెల్స్ తప్ప పెన్సిల్ సెల్స్ లేవు. ఇమ్మానియేలు సైకిలు తీసుకుని అద్దంకి తొక్కాను. మూడు షాపులు తిరిగితే నాలుగో షాపులో దొరికాయి. అయిదున్నరకల్లా తిరిగొచ్చి, కొత్తవి వేసి, నేను విని చూసుకున్నాను. బావ మళ్లీ బతికొచ్చినట్టు నెత్తి మీద నిలబడి పాడాడు.

"అక్కా, సెల్స్ అయిపోయి అట్టా వచ్చింది. ఇప్పుడు బాగుంది. ఒట్టు, ఒక్కసారి విను."

"వద్దురా."

"ఒక్క నిమిషమే."

"నాకు భయమేస్తంది తమ్ముడా. నువ్వు బాగుందంటన్నావు, బాగుండే ఉంటది. మళ్లా అదే వచ్చిందంటే నేను తట్టుకోలేను." నా చెయ్యి పట్టుకుంది. "ఊళ్లో అందరూ విన్నారుగా. చాల్లే."

వాక్‌మన్ ఆమె దగ్గరే వదిలేసి వచ్చాను. టేపుని పెన్సిలుతో తిప్పి సరిగ్గా పాట మొదట్లో పెట్టి, ఏ బటన్ నొక్కాలో దాని మీద ఎర్ర ఇంకు చుక్క పెట్టి చూపించాను. ఏనాటికైనా ధైర్యం చేస్తుందని ఆశ.

మార్చిలో మిరప సీజను. ఆసామిగారు యార్డుకి కాయ తోలుకుని గుంటూరు వచ్చి, మా స్కూలుకి వెతుక్కుంటూ వచ్చాడు. పాత తువ్వాల్లో చుట్టిన పొట్లం ఇచ్చాడు. "మీ అక్క ఇచ్చి రమ్మంది. తనకెందుకంట, నిన్ను వాడుకోమంది" అన్నాడు. తల దించుకుని, "దారిలో విందామని చేతిలోకి తీసుకున్నా. ఆమె వినకుండా నేను వినడం న్యాయం కాదనిపించింది" అన్నాడు. ఆయన వెళ్లాక స్టాఫ్ రూములో పొట్లం విప్పాను. తువ్వాలుకి అంటిన మిరప ఘాటుకి తుమ్ములొచ్చాయి. హెడ్‌ఫోను పెట్టుకుని ఎర్ర చుక్క మీద నొక్కాను. కొంచెం దగ్గు, ఆ తర్వాత నిండుగా, నవ్వుతూ, "తిరుగుతుందంట్రా బామ్మర్దీ?" టేపు నేను పెట్టిన చోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ఈ ప్రయాణం గురించి ఎప్పుడు తలుచుకున్నా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. మూడుసార్లు విన్న ఆసామి మీదా, వేణువు విన్న నా మీదా, వచ్చినవాళ్లని ముందు కూర్చోబెట్టిన మా మర్యాద మీదా? తప్పు చేశామని ఆ రోజు ఎవరికీ అనిపించలేదు. అందరం సరిగ్గా చేయాల్సిందే చేశాం. బావ మంచి గొంతు ఇప్పుడు ఊరందరికీ గుర్తుంది, ఒక్క మా అక్కకి తప్ప. ఆ బస్సు దారి మీకూ పడితే, సొంతవాళ్లకి ఏదైనా వినిపించడానికి వెళ్తుంటే, నేను చెప్పేది ఒక్కటే: పెన్సిల్ సెల్స్ గుంటూరులోనే రెండు జతలు కొనుక్కోండి, దారిలో మిషను తీయకండి, ఎవరికోసం మోసుకెళ్తున్నారో వాళ్లు వద్దు వద్దంటున్నా సరే హెడ్‌ఫోను ముందు వాళ్ల చెవులకే పెట్టండి.