పక్కింటిని పడగొట్టిన రోజు

అమెరికాలో మేముండే ఊరు పిస్కాటవేలో మా వీధి ఇళ్లన్నీ రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం హడావుడిగా కట్టినవి. అన్నిటిదీ ఒకే ప్లాను. కొత్తలో ఆఫీస్ నుంచి వస్తూ పరధ్యానంలో పక్కింటి డ్రైవ్‌వేలో కారు పెట్టేసిన ఘనత నాది.

ఆ ఇంట్లో ఒక అమెరికన్ పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. స్కూల్ బస్ నడిపి రిటైరైనవాడు. పైకప్పు కారి, గోడలనిండా నల్లగా బూజు పాకింది. టౌన్‌షిప్ వాళ్లు, అంటే ఊరి మునిసిపాలిటీ వాళ్లు, వచ్చి చూసి, మనుషులుండటానికి పనికిరాదని తలుపుకి ఎర్ర కాగితం అంటించారు. ఆయన పక్క ఊళ్లో అక్కగారింటికి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి ఇంటిని కూల్చడానికి ఎక్స్‌కవేటర్ వచ్చింది.

సొంతిల్లు కూలుతుంటే పాపం ఎలా చూస్తాడోనని పొద్దున్నే ఇడ్లీలు వేశాను. ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక చేత్తో మడత కుర్చీ, ఇంకో చేత్తో డోనట్ల పెట్టె పట్టుకుని కారు దిగాడు.

"చాలా బాధగా ఉందండీ," అన్నాను ఇంగ్లీషులో.

"ఎందుకు? ఆ బాత్‌రూమ్‌లో కూర్చుంటే మోకాళ్లు తలుపుకి కొట్టుకునేవి. అది పోవడం కళ్లారా చూద్దామనే వచ్చాను!"

స్కూల్ సెలవని ఇంట్లోనే ఉన్న మా అమ్మాయి నా చెవిలో గుసగుసగా, "అమ్మా, హి ఈజ్ నాట్ సాడ్. ఫుల్ హ్యాపీ ఉన్నాడు," అంది.

ముందు గది చూస్తుండగానే నేలమట్టమైంది. దుమ్ము లేవకుండా ఒకతను పైపుతో నీళ్లు కొడుతున్నాడు. బాత్‌రూమ్ మాత్రం ఒక పట్టాన లొంగలేదు. గులాబీ రంగు టైల్స్, పోత ఇనుప టబ్బు. ఎక్స్‌కవేటర్ బకెట్ పళ్లు తగిలినప్పుడల్లా టబ్బు ఖంగుమనేది, జారిపోయేది. పెద్దాయన కుర్చీలోంచి లేచి, బేస్‌బాల్ మ్యాచ్‌లో కూర్చున్నట్టు కేకలు మొదలెట్టాడు. చివరికి టబ్బు దబ్బున పడింది. మా కిటికీలు అదిరాయి. ఆయన చప్పట్లు కొట్టి, ఉన్నట్టుండి ఆపేశాడు.

"ఆ రంగు మా ఆవిడ ఎంచుకుంది," అన్నాడు. "నేను తెలుపు వేద్దామన్నాను. వారం రోజులు మాటల్లేవు మా మధ్య."

నేను ఆయన ప్లేట్లో మరో ఇడ్లీ వేశాను. కారప్పొడి అద్దుకుని తిన్నాడు. తర్వాత మా ఇంటివైపు తిరిగి, "మీదీ ఇదే ప్లాను కదా, టబ్బు పక్కన నేల మడమతో గట్టిగా నొక్కి చూశారా?" అని అడిగాడు.

ఇంటి నుంచే ఆఫీస్ పని చేస్తూ గుమ్మంలోకి వచ్చిన మా ఆయన మీటింగ్‌ని మ్యూట్‌లో పెట్టి, "మన హౌస్‌కి ఏం కాదులే, ఇన్‌స్పెక్షన్ చేయించే కొన్నాం," అని నవ్వుతూ లోపలికెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ నవ్వు లేదు.

"ఏమైంది?"

"ఫ్లోర్ దిగుతోంది. కాలు పెడితే స్పాంజిలా ఉంది."

తవ్వి చూస్తే కింద చెక్క పుచ్చిపోయింది. మాకున్నది ఆ ఒక్క బాత్‌రూమే. రిపేర్ అయ్యేదాకా రోజూ పొద్దున్నే తువ్వాళ్లు కారులో వేసుకుని స్నేహితురాలింటికి స్నానాలకి వెళ్లేవాళ్లం. మేం తలలు తుడుచుకుంటూ వచ్చేసరికి ఆవిడ పెనం మీద దోశ వేసేది. వద్దంటే కోప్పడేది. పని పూర్తయిందని చెప్పిన రోజున మా అమ్మాయి ముఖం వాడిపోయింది.

"సో, రేపు ఆంటీ దోశ లేదా?"

ఆ శనివారం ఆ ఆంటీనీ, పెద్దాయన్నీ, ఆయన అక్కగారినీ మా ఇంటికే భోజనానికి పిలిచాం. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి, గడ్డి విత్తనాలు చల్లి పైన ఎండుగడ్డి పరిచిన తన ఇంటి ఖాళీ స్థలాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత చోటుందా ఇక్కడ!" అన్నాడు ఆశ్చర్యంగా. అక్కగారు ఆయన చేయి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కొచ్చింది, పప్పు చల్లారిపోతోందని.