మొదటి కుర్చీ మీద పడ్డ మోత

బస్సుల కంపెనీలో ఫోన్లు చూసే మెకానిక్ తీగలు కోసేశాడని కొందరన్నారు. కాల్స్‌ను పోటీ కంపెనీకి మళ్లించాడని మరికొందరన్నారు. అక్క మీద ప్రేమతో కళ్లు మూసుకుపోయి చేశాడని బంధువుల మాట. మూడూ తప్పే. అతడు కళ్లు తెరుచుకునే చేశాడు.

ఆ కంపెనీలో బస్సు వేళలు చెప్పే విచారణ గదిలో ఐదు కుర్చీలు, ఐదు ఫోన్లు. బయటివారికి మాత్రం ఒకటే నంబరు. వచ్చిన ప్రతి కాల్‌నూ, ఫోన్లకు కాల్స్ పంచే యంత్రం, అంటే స్విచ్, ముందుగా మొదటి కుర్చీకి ఇస్తుంది. అక్కడ మాట్లాడుతూ ఉంటే రెండోదానికి, అదీ ఖాళీ లేకపోతే మూడోదానికి. తరువాతి కాల్‌కు వెతుకులాట మళ్లీ మొదటినుంచే. కనుక మొదటి కుర్చీలో ఊపిరి తిప్పుకునే వ్యవధి ఉండదు; ఐదో కుర్చీలో కునుకు తీయవచ్చు.

మేనేజరుకు ఈ సంగతి తెలుసు. పదిమందిలో తనకు ఎదురుచెప్పిందని మెకానిక్ అక్కను మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, ఇక మార్చలేదు. ఆమె గొంతు జీరబోయింది. చివరకు మాట పెగలడమే కష్టమైంది.

"గొంతు లేనివాళ్లకి ఇక్కడ పనేముందమ్మా? ఈ నెలతో సరి" అన్నాడాయన.

కాల్స్‌ను వంతులవారీగా పంచే ఏర్పాటు అదే స్విచ్‌లో ఉంది. అక్క తమ్ముణ్ణి అడిగింది అదే.

"వంతులు పెట్టెయ్‌రా, చాలు."

"చాలదక్కా. ముందు ఆయన గొంతు సంగతి చూద్దాం."

మేనేజరు గది ఫోనును అతడు వరుసలో అన్నిటికంటే ముందు పెట్టాడు. ఎత్తకపోతే పక్క ఫోనుకు వెళ్లే వీలును కూడా తీసేశాడు. యజమాని మాట్లాడేది ఆ ఫోనులోనే కాబట్టి, రిసీవరు తీసి పక్కన పెట్టే ధైర్యం మేనేజరుకు లేదు.

"ఏమయ్యా, బస్సెక్కే ప్రతివాడూ నాకే చేస్తాడేంటి?"

"మొదటి కుర్చీ అంటే అంతే సార్. మీకు తెలియనిదా?"

"వేరే మెకానిక్‌ని పిలిపిస్తా!"

"పిలిపించండి. బయటి మెకానిక్ అంటే యజమాని గారు కారణం అడుగుతారు. ఇన్నాళ్లూ మా అక్కని అక్కడే ఎందుకు కూర్చోబెట్టారో యజమాని గారికి మీరే చెప్పుకోండి మరి."

మేనేజరు మళ్లీ మోగుతున్న ఫోను ఎత్తాడు. మూడో కుర్చీ ఆమె పక్కామెతో, "సార్ గొంతు విన్నావుటే? తుప్పు తలుపు తీసినట్టు లేదూ!" అని నవ్వింది.

అక్క నవ్వలేదు. "ఒక ముసలాయన పొద్దుటినుంచీ ఫోను చేశాడట, సార్ గదిలో ఎవరూ ఎత్తలేదు. ఇక్కడికొచ్చేసరికి బస్సు పోయింది. ఆయన నీకేం చేశాడ్రా?"

"ఇంకొంచెం ఓపిక పట్టక్కా. మేనేజరింకా మాట్లాడగలుగుతున్నాడు."

మేనేజరు గొంతు పూర్తిగా పూడుకుపోయాకే లొంగాడు. ఐదుగురూ వింటుండగా గుసగుసగా, "వంతులు పెట్టు. మీ అక్క ఉద్యోగం జోలికి రాను" అన్నాడు. టీ తాగినంతసేపట్లో పని అయిపోయింది.

మొదటే వంతులు పెట్టి ఉంటే ఆమె ఉద్యోగం నిలిచేదో లేదో తేల్చే ఆధారం లేదు. మెకానిక్ తీగ కోయలేదు, కాల్ దొంగిలించలేదు. అక్క ఉద్యోగం నిలబెట్టాడు, పగా తీర్చుకున్నాడు. చేతిలో ఉన్న న్యాయమైన ఏర్పాటును మాత్రం తెలిసి తెలిసీ ఆపాడు. ఆ ముసలాయనకు బస్సు తప్పించింది అతడే.