దయ్యం రాని సినిమా

ఆ సినిమా చూసినవాళ్లు మా వైపు చాలా తక్కువ. భార్య పోయిన ఒక మనిషి, అతని చిన్న కూతురు, వాళ్లింటికి రాకపోకలు మొదలుపెట్టిన ఒక పంతులమ్మ. నవ్వులు, అలకలు, చివర్లో పెళ్లి. తీసిన దర్శకుడు మాత్రం అంతకుముందు అన్నీ దయ్యాల సినిమాలే తీసినవాడు. చేతకాని పనికి దిగి చేతులు కాల్చుకున్నాడని అందరూ తీసిపారేశారు. ఆ మాట అనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను దాన్ని నంద్యాలలో చూశాను, ఒకరకంగా పెళ్లిచూపులకు వెళ్లి. అప్పటికి నా భార్య జ్వరంతో పోయి ఏడాది దాటింది. ఆళ్లగడ్డలో నేనూ, రెండో తరగతి చదివే నా కూతురూ మిగిలాం. నంద్యాలలో ఉండే మా అక్క, దొర్నిపాడు నుంచి ఒక సంబంధం చూసింది. ఆమెకూ భర్త పోయాడు.

"రొండో పెండ్లికి ఇంట్లో కూర్చొని ఉప్మా తినేదేం బాగుంటాదిరా? అందరం సినిమాకు పోదాం. పాపకు ఆయమ్మ నచ్చితే సరే, లేదంటే ఇంతటితో వదిలేద్దాం" అంది అక్క.

పాప కాదంటే నేనూ కాదంటానని ముందే చెప్పాను. సినిమా తీసింది ఎవరో తెలియగానే పాప ఎగిరి గంతేసింది. ఆయన పాత సినిమాలు ఫోన్లో దుప్పటి కప్పుకొని చూసే పిల్ల అది. ఇందులో దయ్యం లేదని చెప్పినా వినిపించుకోలేదు.

మధ్యాహ్నం ఆట. హాలు దాదాపు ఖాళీ. పాప నా పక్కన కూర్చుంది కానీ, తనకూ ఆ దొర్నిపాడు ఆమెకూ మధ్య ఒక సీటు వదిలేసింది. ఆమె జరగబోతే "ఆడ కూర్చోవద్దు" అంది. మా అక్క ముఖం మాడ్చుకుంది. నాకు ఆశ అక్కడే సగం చచ్చింది.

తెర మీద తండ్రి కూతురికి జడ వేస్తున్నాడు. రిబ్బను జారిపోతోంది, ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. కానీ ఆ దృశ్యమంతా తలుపు కర్టెన్ వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుగా తీశాడు. నవ్వు ఆగాక ఫ్యాను చప్పుడు ఒక్కటే. వంటింటి తలుపు కొంచెం కదిలింది. ఎవరూ రాలేదు.

"పాత బుద్ధి యాడ పోతాది!" అని వెనక ఎవరో ఎగతాళి చేశారు. నేను తెర మీంచి చూపు తిప్పలేకపోయాను. మా ఇంట్లో అచ్చం అంతే. మేమిద్దరం దేనికో నవ్వుకుంటాం, ఆపగానే ఇంకెవరో విని ఊరుకున్నట్టుంటుంది. ఒంటరి తండ్రి ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆయనొక్కడే అనిపించింది.

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. మనిషి లేస్తే మడుచుకుపోయే సీట్లు అవి. ఖాళీవన్నీ మడుచుకునే ఉన్నాయి. పాప పక్కది మాత్రం ఎవరో కూర్చున్నట్టు పరుచుకుని ఉంది. వంగి చూస్తే అప్పుడు కనిపించింది, పాప తన చేత్తో దాన్ని నొక్కి పట్టుకుని ఉంది.

సినిమా అయిపోయింది. తెర మీద పెళ్లి కూడా అయిపోయింది. పాప లేవలేదు.

"దయ్యం రాలే నాయనా?"

"ఇది దయ్యాల సినిమా గాదని చెప్పినా గదా తల్లీ."

"ఈయన సినిమాల్లో సచ్చిపోయినోళ్లు మళ్లా వస్తారు. అమ్మ గూడా వస్తాదనుకున్యా."

అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె మాత్రం లేచి వచ్చి పాప ముందర నేల మీదే కూర్చుంది.

"రారు పాపా. మా ఆయప్ప గూడా రాలే. నేనూ శానా దినాలు చూసినా."

పాప ఆమె ముఖంలోకి మొదటిసారి చూసింది. "యాడ కూర్చొని చూసినావు?"

"గడప మీద. పొద్దు గూకేటప్పుడు."

"నేను గూడా ఆడనే" అంది పాప.

రోజూ నేను పని నుంచి వచ్చేసరికి పాప గడప మీద కూర్చుని ఉండేది. నా కోసమే అనుకునేవాణ్ని.