బాలింత దూది

క్వారీలో చెవులు పోగొట్టుకున్న ఆ మనిషి చెవుల్లోంచి దూది లాగి పారేసింది నేనే. ఆ మాట చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు ఓర్వకల్లు దగ్గర ఒక రాళ్ల క్వారీలో నేను మేస్త్రీని. మేస్త్రీగిరీ అంటే ఓనరు ముందు చేతులు కట్టుకోవడం, కూలీల ముందు మీసం దువ్వడం. ఆ చెవులు పోయిన మనిషి మా ఊరివాడే. బండకు డ్రిల్లుతో రంధ్రాలు వేసేవాడు.

రంధ్రాల్లో పేలుడు మందు దట్టించి ఈల వేస్తే అందరం ఏదో ఒక రాతి గుండు చాటుకు పోయేవాళ్లం. చెవుల్లో దూది పెట్టుకునే మగవాడు మాత్రం మాలో లేడు. అది బాలింతలు చలిగాలికి పెట్టుకునేది కదా! సాయంత్రం దాకా చెవుల్లో హోరు పెడుతున్నా ఏమీ కానట్టు బీడీ ముట్టించేవాడే మాకు మొనగాడు. అలాంటి తెలివితక్కువ మొనగాళ్లకు నేను పెద్దను.

అతను ఒకరోజు తన చేలో పత్తి తెచ్చి, ఉండలు చుట్టి చెవుల్లో పెట్టుకున్నాడు.

"ఏమప్పా, కాన్పు ఎప్పుడయింది?" అన్నాను.

"మగబిడ్డా, ఆడబిడ్డా?" అని పక్కవాడు అందుకున్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

"నవ్వుకోండన్నా. నా చెవులు నాకు కావాల," అన్నాడతను.

ఆ జవాబు నాకు తలపొగరుగా తోచింది. రెండు ఉండలూ లాగి దుమ్ములో పడేశాను. ఓనరు తొందర పెడుతున్నాడని ఆ రోజు మనుషులను దూరం పంపకుండా దగ్గరి గుండు చాటునే నిలబెట్టాను కూడా. అతను గుండు అంచున ఉన్నాడు. మందు పేలింది. దుమ్ము తగ్గాక చూస్తే, అతని చెవి నుంచి మెడ మీదికి నెత్తురు కారుతోంది. అతను మా నోళ్ల వంక మార్చి మార్చి చూస్తున్నాడు.

పేలుడుకు కర్ణభేరులు చినిగాయని, లోపలి నరం దెబ్బతిందని కర్నూలు డాక్టరు చెప్పాడు. ఓనరు కారు దిగకుండా అద్దం కాస్త దించి నన్ను పిలిచాడు.

"వానికి ముందు నుంచే చెవుడు ఉండాదంట కదప్పా?"

అది ప్రశ్న కాదు, నేను చెప్పాల్సిన జవాబు.

"అవునన్నా. చిన్నప్పట్నుంచీ చెవి కారేది," అన్నాను.

అద్దం పైకి పోయింది. అతనికి వైద్యం ఖర్చూ రాలేదు, పనీ పోయింది. నా మేస్త్రీ పని మాత్రం నిలిచింది, తోక ఊపినందుకు. పేలుడు వల్లే చెవులు పోయాయని అతను ఊళ్లో అందరికీ చెప్పుకునేవాడు. "ఓనరు దగ్గర దుడ్లు గుంజేదానికి నాటకాలు ఆడతాండాడు," అనేవాళ్లు జనం. వాళ్ల పక్కనే కూర్చుని నేను టీ తాగేవాణ్ణి.

పోయిన ఏడాది అతని ఇంటికి వెళ్లాను. అరుగు మీద పక్కన కూర్చుని, చెవిలో మెల్లగా చెప్పి వచ్చేద్దామనుకున్నాను. క్షమాపణలోనూ నాకు చాటే కావాలి!

అతను చెవికి చెయ్యి ఆనించి, "గట్టిగా చెప్పన్నా," అన్నాడు.

మళ్లీ చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"అట్లంటే యాడ వినపడుతాదన్నా? అరచాల. మేమంతా అట్లే మాట్లాడేది," అంది అతని భార్య లోపలి నుంచి.

కుళాయి దగ్గర ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. ఎదురింటి ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, వీధి వీధంతా వినేలా అరిచాను.

"నీ చెవుల్లో దూది పీకింది నేనప్పా! నీకు చిన్నప్పట్నుంచీ చెవుడని ఓనరుకు అబద్ధం చెప్పింది నేను! నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది, క్షమించప్పా!"