ఇత్తడి పలక మీద మూడో పేరు

ఇది జరిగి మూడేళ్లయింది. అప్పుడే ఎందుకు రాయలేదంటే, అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు; రాయడానికి చెయ్యి తిరగలేదు. యాభై రెండో ఏట ఇస్నాపూర్‌లో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నదాన్ని.

ఊరు దాటాక ఉన్న ఒక తుక్కు గోదాములో పద్దెనిమిదేళ్లుగా నాది సార్టింగ్ పని. అంటే లారీలో వచ్చిన తుక్కును ఏ లోహానికి ఆ కుప్పగా వేరు చేయడం. అయస్కాంతానికి అంటితే ఇనుము. అంటకపోతే ఆకురాయితో గట్టిగా ఒక గీత గీస్తాం. గీత పసుపుగా మెరిస్తే ఇత్తడి. చూడకుండానే చేసేంత అలవాటు. ఆ రోజూ చూడకుండానే చేశాను.

ఆ వానాకాలం శ్రీకాకుళం వైపు సముద్రతీరం నుంచి లోడు వచ్చింది. సున్నం పట్టిన పెద్ద పలక ఒకటి చేతికి తగిలింది. అయస్కాంతం అంటలేదు. అడ్డంగా గీశాను. పసుపు మెరిసింది, దాని పక్కనే అక్షరాలు కనిపించాయి. గుడ్డతో తుడిచి పైకి చదివాను: "సూరాడ ఎల్లయ్య, సిపాయి." పలక నిండా అలాంటి పేర్లే, ఇరవై రెండు. నేను చదివింది వరసలో మూడోది; నా గీత ఆ పేరునే కోసుకుంటూ పోయింది.

లారీ డ్రైవరు నూకరాజు పరుగెత్తుకొచ్చాడు. "అదేటప్పా! ఇది మా ఊరి పలక! నా బండిలోకి ఎలాగొచ్చింది?"

"మీ ఊరిదైతే తుక్కుల ఎట్ల వడ్డది?" అన్నాను.

వాళ్లది సముద్రం ఒడ్డున చిన్న పల్లె. ఒకప్పుడు తెల్లదొరల పటాలం అక్కడ ఉండేదట, దొరల సమాధులూ అక్కడే ఉన్నాయట. ఓడలెక్కి దొరల యుద్ధాలకు పోయి తిరిగిరాని పల్లెవాళ్ల పేర్లివి. ఊరివాళ్లే చందాలు వేసుకుని పటాలం గోడకు పలక బిగించుకున్నారు. ఇప్పుడు ఆ గోడలు కూల్చి రిసార్టు కడుతున్నారు; ఆ కూల్చిన తుక్కుతోనే పలకా లారీకెక్కింది.

"మరి దొరల సమాధులు?" అని అడిగాను.

"వాటికి కంచేసి బోర్డెట్టారప్పా. సూడ్డానికి జనం వత్తారంట."

ఒళ్లు మండింది. యుద్ధానికి పంపినవాడి సమాధికి కంచె. పోయి చచ్చినవాళ్ల పేర్లకు తుక్కు లారీ!

"మా ముసలమ్మలకి సదువు రాదు," అన్నాడు నూకరాజు. "గంగమ్మ పండక్కి పలకని సింతపండుతో తోమి, వరసలు లెక్కెట్టుకుని ఎవరింటి పేరుకి ఆళ్లు బొట్టెడతారు. సూరాడోళ్ల అప్పలమ్మకి కళ్లు కనపడవు. మూడో వరస ఏలితో తడిమి, ఆళ్ల తాత పేరుకి బొట్టెడతాది."

ఆ వేలికి ఇక నా గీత తగులుతుంది.

గోదాము యజమాని సేఠు దగ్గరికి వెళ్లి, పలక తిరిగి పంపమన్నాను.

"పేర్లున్నా, పూలున్నా, కరిగినంక ఒక్కటే పోచమ్మా. పొద్దుగాల ఫర్నేస్‌కు లోడు పోతది," అన్నాడు. ఫర్నేస్ అంటే లోహం కరిగించే పెద్ద కొలిమి.

"గట్లైతే మీ నాయిన పేరున్న రాయి గూడ తెచ్చి కాంటా మీద పెడ్తవా సేఠూ?"

"నాలుగు అక్షరాలు రాంగనే నోరు లేస్తుందే! గంత పరేషాన్ అయితే గంతే బరువు ఇత్తడి తెచ్చియ్యి, తీస్కపో."

గీసేముందు చదవాలని ఆ పలకే నాకు నేర్పింది. చదువు రాని రోజుల్లో ఎన్ని పేర్ల మీద గీశానో, ఎన్నింటిని కొలిమికి పంపానో నాకు తెలియదు. ఆ కోపం సగం సేఠు మీద, సగం నా మీద.

మర్నాడు పొద్దున్నే మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం ఆటోలో తెచ్చి కాంటా మీద పెట్టాను. పలక కంటే అదే ఎక్కువ తూగింది. పలకను గోనెపట్టాలో చుట్టి, లారీతో ఊరికి తిరిగి బయలుదేరుతున్న నూకరాజు చేతికిచ్చి, "అప్పలమ్మకు చెప్పు, గా గీత పోచమ్మ గీసిందని. దాచిపెట్టకు," అన్నాను.

గోదాములోంచి ఏది బయటికి పోయినా గేట్‌పాస్ చీటీ ఉండాలి. సేఠు 'పాత ఇత్తడి' అని మొదలుపెట్టాడు. పెన్ను లాక్కుని దాన్ని కొట్టేశాను. సామాను అన్న చోట 'సూరాడ ఎల్లయ్య' అని రాశాను. తర్వాత పలక విప్పించి, మొదటి పేరు నుంచి చూసి రాయడం మొదలుపెట్టాను.

"జల్దీ కానియ్యే, లారీ ఆగింది!" అని సేఠు అరిచాడు.

"ఆగనీ," అని, జాగా చాలక చీటీ వెనక్కి తిప్పాను.